గ్రహణానికి కోసిన ఫిల్ము

నన్ను ముక్కలు చేసిన రోజు పొద్దున ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మబ్బు తునక లేదు. పొగాకు చేల మీద పట్టిన మంచు కూడా ఎనిమిదింటికల్లా విడిపోయింది. గ్రహణం చూడటానికి ఇంతకంటే మంచి ఆకాశం దొరకదని ఊరంతా సంబరపడింది. నాకు మాత్రం ఆ ఒక్కపూట ముసురు పట్టి ఉంటే బాగుండేది.

నేను ఒక ఎమ్మారై ఫిల్ముని. మూరెడు పొడవు, జానెడున్నర వెడల్పు, ఒళ్ళంతా నలుపు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే నాలో ఇరవై గళ్ళు కనిపిస్తాయి. గడికొక బొమ్మ. ఇరవై బొమ్మలూ ఒకే మనిషి వెన్నెముకవి. ఆ మనిషి మాలకొండయ్య. పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టే ఎత్తయిన కొట్టం, బేరన్‌లో ఆకు కట్టిన కర్రల్ని పై అంతస్తులకు ఎక్కిస్తాడు. ఈ కాలు ఒక దూలం మీద, ఆ కాలు ఇంకో దూలం మీద చాచి నిలబడి చేసే పని అది. కాళ్ళు లేకపోతే ఆ పని లేదు.

వాళ్ళమ్మకు వెన్నులో గడ్డ లేచి కాళ్ళు పడిపోయాయి. మూడేళ్ళు మంచంలో ఉండి చనిపోయింది. ఆమె తమ్ముడూ అంతే. ఊరు దాన్ని నాగదోషం అంది. పుట్టలో పాలు పోయించింది. ఆ పాలు పాము తాగిందో లేదో గానీ చీమలు మాత్రం బాగా బలిశాయి. చివరికి మాలకొండయ్యకు నడుములో తిమ్మిరి మొదలైతే పట్నంలో డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది.

"ఇది తల్లి నుంచి బిడ్డకు వచ్చే గడ్డల జబ్బు. నీకూ వెన్నులో ఒకటి ఉంది. చిన్నగా ఉన్నంతకాలం దాని జోలికి పోకూడదు. పెరిగితే కొయ్యాలి. కోస్తే కాళ్ళు నిలుస్తాయని మాటివ్వలేను. అందుకని ఏడాదికోసారి స్కానింగ్ తీసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాలి."

పక్కపక్కన అన్న మాట అందరూ విన్నారు. ఎవరూ మనసులో దాచుకోలేదు.

నా పుట్టుక సంగతి కూడా చెప్పాలి. గుడికి పోతే చెప్పులు విప్పితే చాలు. స్కానింగ్ గదికి పోవాలంటే దేవుళ్ళను కూడా విప్పాలి. మాలకొండయ్య మెడలో ఆంజనేయుడి బిళ్ళ, దండకు రాగి తాయెత్తు, మొలతాడుకు వెండి నాగపడగ, మూడూ తీసి స్టీలు పళ్ళెంలో పెట్టారు. తనను కాపాడాల్సిన ముగ్గుర్నీ బయట కూర్చోబెట్టి ఆయన ఒక్కడే గొట్టంలోకి పోయాడు. ముప్పావుగంట ఆ గొట్టం మోతలో కదలకుండా పడుకున్నాడు. బయటికొచ్చాక భార్య అంకమ్మ ఆత్రంగా అడిగింది.

"ఏందయ్యా, లోపల ఎట్టుంది?"

"రేకుల మీద వడగళ్ళు" అన్నాడు. ఆ రోజుకు ఆయన మాట్లాడింది అంతే.

ఆ వడగళ్ళ వానకు పుట్టినదాన్ని నేను. నాతోపాటు ఒక కాగితం కూడా పుట్టింది. చిన్న గడ్డ ఉంది, ఏడాదికి మళ్ళీ చూడండి అని దాంట్లో రాశారు. ఎంత చిన్నదో రాయలేదు. కందిగింజా చిన్నదే, రేగ్గాయా చిన్నదే. ఎంత చిన్నదో నాకొక్కదానికే తెలుసు. డాక్టరమ్మ నా పదకొండో గడిలో గడ్డ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, జాగ్రత్తగా దాచుకోమని పంపింది.

ఊళ్ళో నాకు జరిగిన మర్యాద తక్కువేం కాదు. వీధంతా వచ్చి చూసింది. ఆరెంపీ డాక్టరు నన్ను తలకిందులుగా పట్టుకుని, "బాగా పడింది" అని మెచ్చుకున్నాడు. ఎదురింటి ముసలమ్మ ఇరవై గళ్ళూ వెతికి, "అంత దూరం పోయి తీయించుకున్నాడు గదా, మొహం పళ్ళేదేందే?" అని బాధపడింది. పదిరోజులకు అందరి మోజూ తీరింది. కరెంటు పోతే విసనకర్రనయ్యాను. వేడి అన్నం గిన్నె కింద చాపనయ్యాను. తర్వాత ట్రంకుపెట్టె కిందికి చేరాను. మనుషులు ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒకదాన్ని కళ్ళకద్దుకుంటారు, ప్రాణం కుదుటపడ్డాక దానిమీద గిన్నె దించుతారు. నేను తప్పు పట్టను. చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఏడాది తిరిగింది. మరునాడు పట్నం పోవాలనగా ఈ గ్రహణం వచ్చింది. ముందురోజే కామేశ్వర సిద్ధాంతిగారు గుడి మైకులో హెచ్చరించారు. గ్రహణం కంటితో చూస్తే ఏడు తరాల దోషమన్నారు. తలుపులు వేసుకుని లోపల ఉండమన్నారు. అంత గట్టిగా చెప్పాక ఊరు చూడకుండా ఎట్లా ఉంటుంది?

అంకమ్మ అన్న పేరయ్య టైలరు. పొద్దున్నే గుమ్మంలోకి వచ్చాడు.

"చెల్లే, మీ ఇంట్లో నల్ల ఫిల్ము ఉందంటగా. ఇటియ్యి. దాంట్లోంచి చూస్తే కళ్ళకేం కాదంట."

"పెట్టె కిందుంది, తీసుకోన్నా" అంది అంకమ్మ. గ్రహణం పట్టకముందే ఉప్పులో, పచ్చడిలో గరికపోచలు వెయ్యాలని ఆమె హడావుడి ఆమెది.

నాలోంచి చూసినా కళ్ళు పోతాయని చెబుదామంటే నాకు నోరు లేదు. పేరయ్య నన్ను బల్ల మీద పరిచి, గళ్ళ మధ్య సందుల వెంబడి కత్తెర నడిపాడు. ఏ బొమ్మ మీదా గీత పడలేదు. జాకెట్టుగుడ్డను కూడా ఇంత భక్తిగా కోసి ఉండడు. ఇంటికొక ముక్క పంచాడు. ఒక ముక్క బేరన్ దగ్గరికి తీసుకెళ్ళి బావమరిదిగా తన బావకే ఇచ్చాడు. మాలకొండయ్య తల పైకెత్తి తన నడుములోంచి సూర్యుణ్ణి చూశాడు. సగం కొరికిన అప్పడంలా ఉందన్నాడు.

గ్రహణం విడిచింది. ఊరంతా తలస్నానాలు చేసింది. మధ్యాహ్నం అంకమ్మ పట్నానికి సంచి సర్దుతూ డాక్టరమ్మ చీటీ తీసి కూతురి చేత చదివించింది. పాత ఫిల్ము తప్పక తేవాలి అని ఉంది. అంకమ్మ పెట్టె కింద చెయ్యిపెట్టి తడిమింది. తర్వాత చీర కుచ్చిళ్ళు దోపుకుని అన్న కొట్టుకు పరిగెత్తింది.

"ఎంత పని చేశావురా అన్నా! నా మొగుడి నడుముని ఊరంతా పంచిపెట్టావే!"

"నువ్వే గదా తీసుకోమంది?"

"తీసుకోమన్నా. కొయ్యమన్నానా?"

స్కానింగ్ సెంటర్లో ఇంకోటి ఇస్తారేమోనని ఫోన్ చేశారు. ఆ సెంటరు మూతపడి ఆర్నెల్లయింది. ఇప్పుడక్కడ చీరల షాపు. చెల్లెలి నోరు తప్పించుకునే దారి లేక పేరయ్య ఇల్లిల్లూ తిరిగాడు. ఒక ముక్క దూలానికి గుచ్చి ఉంది. ఒకటి పగిలిన కిటికీ అద్దానికి అడ్డం పెట్టారు. టీ కొట్టాయన తన ముక్కను పంచదార డబ్బా మీద మూతగా వేశాడు. సాయంత్రానికి పంతొమ్మిది దొరికాయి. చాప మీద వరసగా పేర్చారు. గడి మూల అచ్చయిన అంకెల్ని బట్టి పేరిస్తే పదకొండో చోటు ఖాళీగా మిగిలింది. ఎర్రసున్నా ఉన్న గడి.

మాలకొండయ్య ఆ ఖాళీలో వేలు పెట్టాడు. "మా అమ్మకు కూడా అక్కడే" అన్నాడు. పేరయ్య ముక్కల్ని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"ఎవరికిచ్చావో గుర్తు తెచ్చుకోరా అన్నా."

పేరయ్య గొంతు తగ్గించాడు. "సిద్ధాంతిగారికి. ఎవరికీ చెప్పొద్దన్నారు."

అంకమ్మ వెళ్ళేసరికి సిద్ధాంతిగారు అరుగు మీద కూర్చుని ఇద్దరు రైతులకు, చూసినవాళ్ళు చేసుకోవాల్సిన శాంతి గురించి చెబుతున్నారు.

"సామీ, ఎర్రసున్నా ముక్క మీ కాడుందంట."

"ఊరందరికీ చూడొద్దని చెప్పినవాణ్ణి! నా దగ్గరెందుకుంటుందే?"

లోపల్నించి ఆయన భార్య పంచాంగం పట్టుకుని వచ్చింది. "ఇదేనా చూడమ్మాయ్. పొద్దుణ్ణించీ దొడ్లో నుయ్యి పక్కన నుంచుని చూశారు. మెడ పట్టేసిందని ఇప్పుడే నూనె రాశాను."

పంచాంగంలో సరిగ్గా గ్రహణం పేజీలో నేను అట్టలా పడుకుని ఉన్నాను. రైతులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సిద్ధాంతిగారు మెడ తిప్పలేక ఆకాశం వైపే చూస్తూ, "ఎర్ర బింబం సూర్యచిహ్నం గదా అని ఉంచాను. పూజకు" అన్నారు. అంకమ్మ నవ్వలేదు. ముక్కను కొంగుచివర ముడేసుకుని, ఆ ముడిని గుప్పిట్లో బిగించి పట్టుకుని ఇంటికొచ్చింది.

పేరయ్య నన్ను మళ్ళీ ఒక్కటి చేశాడు. ఆయనకు తెలిసిన విద్య ఒక్కటే కాబట్టి మిషన్ మీద పెట్టి తెల్లదారంతో కుట్టాడు. ఇరవై ముక్కల బొంతనయ్యాను.

మరునాడు మాలకొండయ్యకు ఈసారి ఆసుపత్రిలోనే మళ్ళీ స్కానింగ్ తీశారు. దేవుళ్ళు మళ్ళీ పళ్ళెంలో కూర్చున్నారు. కొత్త ఫిల్ము పుట్టింది, నిగనిగలాడుతూ. అది నా వంక చిన్నచూపు చూసింది. దానికింకా గ్రహణాలు తెలియవు.

డాక్టరమ్మ నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఎవరు కుట్టారు దీన్ని?"

"మా బావమరిదండి. టైలరు" అన్నాడు మాలకొండయ్య.

"నేను వేసే కుట్లు కూడా ఇంత వరసగా పడవు. ఎందుకు కోశారు?"

సంగతి విని ఆమె నవ్వలేదు, తిట్టింది. దాంట్లోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్ళు పోతాయని, ఊళ్ళో ఎవరికైనా చూపు మసకేస్తే వెంటనే పంపమని చెప్పింది. పేరయ్య తలుపు పక్కన గోడకు ఆనుకుని అన్నీ తనకే అన్నట్టు విన్నాడు.

లైటు పెట్టె మీద మమ్మల్ని పక్కపక్కన తగిలించింది. నా పదకొండో గడి, దాని పక్కన కొత్తది. స్కేలు పెట్టి కొలిచింది. మళ్ళీ కొలిచింది. అంత వెలుతురులో నేనెప్పుడూ అంత సిగ్గు లేకుండా నిలబడలేదు. నా ఒంట్లో ఉన్నదంతా చూపించాను.

"పెరగలేదు. నిరుడు ఎంతో ఇప్పుడూ అంతే."

మాలకొండయ్య ముందుకు వంగాడు. "బేరన్ ఎక్కొచ్చాండి?"

"ఎక్కు. ఏడాదికి మళ్ళీ రా. ఇవి రెండూ తీసుకురా." ఆమె ఏదో రాస్తూ ఆగింది. "పిల్లలున్నారా?"

"ఒక పాపండి. ఆరో తరగతి."

"ఆ పాపకు రక్తపరీక్ష చేయించాలి. ఇది ఆమెకూ వచ్చి ఉండొచ్చు. వచ్చిందో లేదో తెలుసుకుంటే మంచిది."

ముగ్గురూ బయటికొచ్చారు. ఆసుపత్రి వెనకాల నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నారు. అంకమ్మ క్యారేజీ విప్పి పులిహోర మూడు ఆకుల్లో పెట్టింది, పెరుగన్నం గిన్నె పక్కన దించింది. మాలకొండయ్య తన ఆకులోని నిమ్మకాయ ఊరగాయ బద్ద తీసి పేరయ్య ఆకులో వేశాడు. పేరయ్య దాన్ని అన్నంలో కలుపుకున్నాడు.

గిన్నె కింద పెట్టడానికి నేను అక్కడే ఉన్నాను, అలవాటైన దాన్ని. అంకమ్మ గిన్నెను ఉత్త నేల మీదే ఉంచింది. నన్ను ఒళ్ళో పెట్టుకుని, ఎడమచెయ్యి నా మీద వేసి, కుడిచేత్తో తింది.