దంపుడు చప్పుడు

రాజలింగం తీసిన సినిమా మొత్తం కలిపి రెండు నిమిషాల పది సెకన్లు. దానికి పట్టింది మాత్రం పదకొండు రోజులు, స్నేహితుడు మాన్‌సింగ్ ఫోను, అడిగి తెచ్చిన రెండు కందిళ్ళు, ఊరందరి సలహాలు. సలహాలకేం, వాటికి ఏ కాలంలోనూ కరువు లేదు.

జనగామలో డిగ్రీ ఆఖరి ఏడు చదివే పిల్లలకు సారయ్య సారు అప్పజెప్పిన పని అది. ఒక నేరకథను సినిమాగా అనుకోవాలి. మొత్తం తీయనక్కర్లేదు, మొదలు తీస్తే చాలు. చూసినవాడికి ఆ తర్వాత ఏమైందో తెలిసేదాకా అన్నం సయించకూడదు. తీశాక దాన్ని అందరి ముందూ వేసి మంచిచెడ్డలు తేలుస్తారు. అన్నిట్లోకీ బాగున్నదాన్ని, తీసినవాడి సొంత ఊళ్ళోనే తెర కట్టి చూపిస్తామని కాలేజీవాళ్ళు మాటిచ్చారు.

తక్కిన పిల్లలు హాస్టలు గదుల్లో దీపాలార్పి, ప్లాస్టిక్ కత్తులకు కుంకుమ నీళ్ళు పూసి నానా తంటాలు పడుతుంటే, రాజలింగానికి ఆ బాధ లేకపోయింది. హత్య వాళ్ళింట్లోనే ఉంది. వాడికి పెట్టిన పేరే చచ్చిపోయినవాడి పేరు.

ఆ కథ నర్సింహులపేట చుట్టుపక్కల ముసలివాళ్ళెవరినడిగినా చెబుతారు. రజాకార్లు ఊళ్ళ మీద పడి తిరిగిన ఏడు అది. వాడి బాపమ్మ బుచ్చవ్వకు ఒక అన్న ఉండేవాడు, పేరు రాజలింగం, దళంలో కలిశాడు. పగలంతా ఇంటి వెనకాల గుట్ట మీద ఉండి, మాపటికి ఎప్పుడన్నా ఇంటికొచ్చి తిని పోయేవాడు. ఇంట్లో రోకలి చప్పుడు వినబడితే ఊరు నిమ్మళంగా ఉన్నట్టు, దిగి రావచ్చు. వినబడకపోతే రావద్దు. ఆ తల్లికీ కొడుక్కీ మధ్య గుర్తు అదొక్కటే. ఒకనాడు రజాకార్లు వచ్చి దొర గడీలో దిగారు. మగవాళ్ళంతా దూరపు జొన్నచేలల్లో పడి దాక్కున్నారు. రజాకార్లకు దంచి వండిపెట్టడానికి ఆ తల్లిని గడీకి వెట్టికి పట్టుకుపోయారు. ఇక ఇంట్లో దంచే మనిషి లేదు. అయినా పొద్దుగూకే వేళకు రాజలింగం గుట్ట దిగి వచ్చాడు. పెరటి దడి దగ్గర మాటు వేసి కాల్చేశారు. ఇరవై రెండేళ్ళవాడు.

గుర్తు లేకుండా ఎందుకు దిగాడు? ఎవరో పిలిచి ఉండాలి కదా అన్నారు. పోలీసు పటేలు దగ్గర కబుర్లు మోసే మస్కూరి ఆగయ్య ఆ మాపు గుట్ట బాటన ఉరుకుతూ చెయ్యెత్తి ఊపడం, చేలో దాక్కున్నవాళ్ళు చూశారు. ఇంకేం కావాలి? పటేలు ఉప్పు తిన్నవాడు పటేలు మనిషే అని తీర్పు చెప్పేశారు. ఆగయ్యకు నిప్పూ నీళ్ళూ బందు పెట్టారు. ఏడాది తిరక్కుండా అతను మంచం పట్టి పోతే పాడె మొయ్యడానికి నలుగురు దొరకలేదు. అతని ఒక్కగానొక్క కూతురు యాకమ్మను చేసుకుంటామని ఏ ఊరి నుంచీ ఎవరూ రాలేదు. బతుకమ్మ నాడు ఆడవాళ్ళు తమ చుట్టులో చేరనివ్వకపోతే, ఒక్కతే పూలు పేర్చుకుని, ఒక్కతే పాడుకుని, ఒక్కతే వాగులో విడిచి వచ్చేది. లోకులు పలుగాకులని ఊరికే అన్నారా పెద్దలు. ఆ యాకమ్మ ఇంకా ఉంది, ఊరి చివర రేకుల ఇంట్లో.

సినిమాలో ఆగయ్య వేషం వెయ్యమంటే ఊళ్ళో ఒక్కడూ ముందుకు రాలేదు. ఆ పేరు ఒంటికి తగిలితే ఇంట్లో పిల్లలకు పెళ్ళిళ్ళు కావని వెనక్కి తగ్గారు. చివరికి రాజలింగమే ముఖానికి తువ్వాల చుట్టుకుని ఆగయ్య అయ్యాడు. మొదటి బొమ్మ ఆ చెయ్యే. మసక పడుతున్న గుట్ట, రాళ్ళ వెనక నుంచి లేచిన చెయ్యి, రమ్మని ఊగుతుంది. తర్వాత దిగుతున్న కాళ్ళు. మళ్ళీ చెయ్యి. దగ్గరవుతున్న కాళ్ళు. తువ్వాల సందున ఒక నవ్వు. తుపాకి పేలుడు. తెర నల్లబడి ‘ద్రోహి’ అని ఎర్రటి అక్షరాలు.

“ఆగయ్య బిడ్డ ఇంక ఉన్నది గదరా,” అన్నాడు మాన్‌సింగ్. గార్ల దగ్గరి తండా వాడు, జనగామలో రాజలింగంతో ఒకే గదిలో ఉంటూ ఈ సినిమాకు కెమెరా పట్టినవాడు. “రేపు ఊళ్ళె తెర కడితె ఆమె కండ్ల వడదా?”

“ఊరంత అనేదే గద నేను దీసింది. కొత్తగ ఏమన్న అన్ననా?”

ఊరంతా అనేదాన్ని ఊరంతటికీ మళ్ళీ చూపిస్తే తప్పేముందని వాడి ధీమా. మాన్‌సింగ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. స్నేహితుడి ఇంటి చావు గురించి బయటివాడు ఎంతని మాట్లాడతాడు?

బొమ్మలన్నీ కూర్చి చూసుకుంటే సినిమా ఉప్పు లేని పప్పులా ఉంది. కాళ్ళు నడుస్తున్నాయి, చెయ్యి ఊగుతోంది, చూసేవాడికి మాత్రం ఏమీ కావడం లేదు. అప్పుడు రాజలింగానికి రోకలి చప్పుడు తోచింది. ఇంట్లో కుదరదు. వాళ్ళ రోలు వాడు పుట్టకముందు నుంచీ పెరట్లో బోర్లించే ఉంది. పక్కింట్లో కారం దంచినా బుచ్చవ్వ తలనొప్పంటూ లోపలికి పోయి పడుకునేది. అందుకని తండాకు పోయి, మాన్‌సింగ్ తల్లితో వడ్లు దంచించి, ఆ చప్పుడును ఫోనులో పట్టుకొచ్చి, మొదటి బొమ్మ నుంచి పేలుడు దాకా పరిచారు. అంతే, సినిమాకు ప్రాణం లేచి వచ్చింది. ఇద్దరూ ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు.

బుధవారం నాడు క్లాసులో తెల్లగోడ మీద వేస్తే పిల్లలు చప్పట్లు కొట్టారు. సారయ్య సారు కొట్టలేదు. ఇంకోసారి వేయించాడు. మూడోసారి కళ్ళు మూసుకుని చప్పుడు మాత్రం విన్నాడు.

“చప్పుడు మంచిగ గుదిరింది. అన్నిట్ల గిదే ముందున్నది, అబద్ధమెందుకు,” అన్నాడు. “కని ఒక్క చిక్కున్నది. రోకలి చప్పుడంటె రమ్మని గుర్తు అని కథల నువ్వే రాసినవ్. ఇండ్ల చప్పుడు మోగుతనే ఉన్నది, మనిషి దిగుతనే ఉన్నడు. మరి ఆగయ్య జేసిందేంది? పిలుపు ముందే అందినంక గాయన పిలిచేదేమున్నది?”

“అది ఊకెనే వెట్టిన సార్, ఇనసొంపుకు. గా రోజు ఎవలు దంచలే.”

“దంచలేదని ఎవలు జెప్పిన్రు?”

“ఊరోళ్ళు సార్.”

“ఊరోళ్ళు చేన్లల్ల పండుకున్నరంటివి. ఆళ్ళకు మీ ఇంట్ల చప్పుడు ఇనబడుతదా?” సారు గొంతులో కోపం లేదు. “నేరకథ దీసేటోడు సాక్షి నోట్లె మాట ఊకెనే నమ్మొద్దు బిడ్డా. చెయ్యన్న దీసెయ్, చప్పుడన్న దీసెయ్, రెండు ఒక్కతాన ఇమడయ్. దీసే ముందు ఇంట్ల అడిగిరా. గప్పటోళ్ళు ఎవలన్న ఉన్నరా?”

“మా బాపమ్మ ఉన్నది సార్. గప్పుడు చిన్న పిల్ల.”

“అడుగు. సోమవారం దాక టైమిస్త.”

చప్పుడు తీసేస్తే సినిమా మళ్ళీ చచ్చిన పామే. చెయ్యి తీసేస్తే అసలు కథే లేదు. ఇంటికి పోతూ తొర్రూరు దాకా బస్సులో రాజలింగం ఇదే గొణుక్కున్నాడు. ఎలాగైనా బాపమ్మ నోట ‘ఎవలు దంచలే’ అనిపించుకుంటే సారుకు ఏదో సర్దిచెప్పవచ్చని, తెర కట్టడం తప్పిపోకుండా ఉంటుందని వాడి ఆశ.

శనివారం పగటిపూట బుచ్చవ్వ అరుగు మీద కూర్చుని చేటలో కందులు ఏరుతోంది. వాడు పక్కన చేరి ఫోను ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. మొదటి దెబ్బ వినబడగానే ఆమె చెయ్యి కందుల్లో ఆగిపోయింది. బొమ్మ వైపు చూడనే లేదు. దెబ్బ దెబ్బకూ ఆమె భుజాలు కొంచెం కొంచెం ముడుచుకుపోవడం వాడు చూశాడు.

“బంజెయ్,” అంది.

వాడు ఆపేశాడు.

“గా చప్పుడు ఎవలు వెట్టమన్నరు?”

“ఎవలు గాదు, నేనే. సారేమో చప్పుడన్న దీసెయ్, చెయ్యన్న దీసెయ్ అంటుండు. గా రోజు ఎవలు దంచలే గద బాపమ్మా?”

బుచ్చవ్వ మళ్ళీ చేట మీదికి వంగింది. ఒక్కొక్క గింజే వేలితో పక్కకు జరిపింది.

“చెయ్యి దీసెయ్,” అంది చివరికి. “దంచింది నేనే.”

వాడు ఫోను కింద పెట్టాడు. ఆమే చెప్పుకుంటూ పోయింది.

“గడీల మా అవ్వతోని పొద్దంత దంపిస్తరు. పోయినప్పుడల్ల చేతులు బొబ్బలెక్కి ఒచ్చేది. ఒచ్చినంక మళ్ళ మా కోసం దంచాలె. ఆమె ఒచ్చేసరికి నేనే దంచి పెడితె సంబురపడతదనుకున్న. గుర్తు సంగతి నాకెవలు జెప్పిన్రు? పిల్లలు నోరు జారుతరని దాపెట్టిరి. తొమ్మిదేండ్ల పోరిని, రోకలి నా కంటె ఎత్తుండె. రెండు చేతులతోని లేపి లేపి ఏసిన. సోలెడు వడ్లు గూడ కాలే, పెరట్ల తుపాకి పేలింది. మా అవ్వ ఉరికొచ్చి ముందుగాల అన్నను జూసింది. తర్వాత రోలు జూసింది. గా సగం నలిగిన వడ్లు ఒళ్ళెకెత్తి బర్రె ముందట పోసింది. రోలు కడిగి బోర్లేసింది. నా నోరు మూసి, నువ్వు నిద్రవోయినవ్, ఎవలడిగినా నిద్రవోయినవ్ అన్నది. గదే మాట. మళ్ళ బతికినన్ని దినాలు దాని ముచ్చట ఎత్తలే.”

“ఆగయ్యను అందరు అంటుంటె గూడనా?”

“కొడుకు పాయె, బిడ్డన్న మిగలాలనుకున్నదేమొ. ఆమెను ఏమనకు. ఆమె పోయినంక నోరు నాదే గద. రేపు జెప్త, ఎల్లుండి జెప్త అనుకున్న. లగ్గమాయె, పిల్లలైరి, నువ్వు బుట్టినవ్. అరవై తొమ్మిదేండ్లాయె.”

ఆమె ఏడవలేదు. ఏడుపు ఏనాడో ఇంకిపోయినట్టుంది.  రాజలింగానికి తువ్వాల సందు నుంచి తాను నవ్విన నవ్వు గుర్తొచ్చి ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టయింది.

“సినిమా దీసేస్త బాపమ్మా. ఎవలకు జూపియ్య. ఎవలకు తెల్వదు,” అన్నాడు.

“నువ్వు దీసేస్తె ఊరి నోట్లెకెళ్ళి పోతదా?” చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది. “నా కట్టె అందియ్యి. యాకి ఇంటికి తోల్కపో.”

రెండు వాడల దూరం. ఆ దూరాన్ని అరవై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి నడవలేదు బుచ్చవ్వ. దారిలో కనబడ్డవాళ్ళు ఎటు పోతున్నావని అడిగితే, యాకమ్మ ఇంటికని దాచకుండా చెప్పింది. విన్నవాళ్ళు నోళ్ళు తెరిచారు. ఒకరిద్దరు చేస్తున్న పని వదిలేసి వెనకాలే వచ్చి, కొంత దూరాన నిలబడ్డారు.

యాకమ్మ రేకుల నీడన కూర్చుని మోదుగాకు విస్తర్లు కుడుతోంది. తలెత్తి చూసింది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. పుల్ల విరిచి ఆకుకు గుచ్చుకుంటూనే ఉంది.

“యాకీ,” అంది బుచ్చవ్వ వాకిట్లో నిలబడే. వెనకాల వచ్చినవాళ్ళకు కూడా వినబడేలా అంది. “గా రోజు మీ నాయిన పిలువలే. రోకలి నేను దంచిన. గా చప్పుడుకు మా అన్న దిగిండు. మీ నాయిన ఏ పాపం ఎరుగడు.”

యాకమ్మ చేతిలోని విస్తరిని చివరిదాకా కుట్టింది. పక్కనున్న కట్ట మీద పెట్టింది.

“తెలుసు,” అంది.

బుచ్చవ్వ కట్టె మీద వంగిపోయింది. 

“ఊళ్ళె మిగిలిన మగోడు మా నాయిన ఒక్కడే. మీ ఇంటి గుర్తు ఆయనకెప్పుడో ఎరుకే, పటేలుకు జెప్పలే. మీ అవ్వ గడీల ఉండంగనే మీ ఇంట్ల రోకలి మోగుడు ఇన్నడు. పానం ఆగక గుట్ట దిక్కు ఉరికిండు, రావద్దు రావద్దని చెయ్యి ఊపుకుంట. మీ అన్న జూడలే. జూసినోళ్ళు ఇంకో తీరు జూసిన్రు.” యాకమ్మ గొంతు పైకీ లేవలేదు, కిందికీ దిగలేదు. “సచ్చేటప్పుడు మా అవ్వతోని, నాతోని ఒట్టేయించుకున్నడు. దంచింది పసిపిల్ల. తెలిస్తె ఊరు దాన్ని బతకనియ్యదు. మన మీద ఎట్లన్న వడ్డది, గా పిల్ల మీదికి పోనియ్యకుండ్రి అన్నడు. పోనియ్యలే.”

“నన్నెందుకు గాపాడినవే యాకీ,” అంటూ బుచ్చవ్వ మట్టిలోనే కూలబడి, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళుగా రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

“ఏడువకు. తెలిసి జేసిందా, పాడా. పసిదానివి, నీ తప్పేమున్నది?”

ఆ మాట విని రాజలింగం ప్రాణం కుదుటపడింది. క్షమించేసింది, అయిపోయింది అనుకున్నాడు. బాపమ్మను లేపడానికి రెక్క పట్టుకున్నాడు.

యాకమ్మ ఇంకో ఆకు తీసుకుంది. కుట్టలేదు. వచ్చినప్పటి నుంచీ మొదటిసారి బుచ్చవ్వ ముఖంలోకి చూసింది.

“కని బుచ్చీ,” అంది, “గప్పుడు నాకు గూడ తొమ్మిదేండ్లే.”