మూత తీసేదాకా

ఎడమ నుంచి రెండోది, అవును రెండోదే, ఆడబిడ్డ డిలియా చెయ్యి ఎప్పుడూ రెండో డబ్బా మీదికే పోతుంది, మొదటిది టీ పొడి, రెండోది వంటసోడా, మూడోది ఉప్పు, కానీ నిన్న గోడలకు సున్నం వేసేటప్పుడు గిన్నెల బీరువా మీదవన్నీ కిందికి దింపింది తను, మళ్ళీ ఎక్కించింది తను, ఏది ఎక్కడ పెట్టిందో మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు, అనుకుంటూ సబీనా ఇత్తడి కొవ్వొత్తి స్తంభాన్ని తోముతూనే ఉంది, అది ఎప్పుడో మెరిసింది, అయినా తోముతూనే ఉంది, ఎందుకంటే ఇప్పుడే కోల్మన్ గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి ఒక మాట అని వెళ్ళాడు, ఏమేవ్, ఆ నక్కల్ని చంపే మందు డబ్బా ఎక్కడ పెట్టావు, రేపు ఫాదర్ లావెల్ వస్తున్నాడు, వెనకాలే ఊరంతా వస్తుంది, పిల్లల చేతికి అందేలా ఉంచకు సుమా, అని, దానికి తను, పైన ఉందిలెండి, అంది, ఎంత తేలిగ్గా అనేసింది, పైన అంటే ఏ పైన, అని అతను అడగలేదు, మొగుడు అడగకపోతే పెళ్ళాం ఎందుకు చెబుతుంది, గొర్రె ఒకటి ఈనుతోందని బురద బూట్లతోటే పరుగెత్తాడు.

ఇంటి పూజ ఏటా ఒక ఇంటి వంతు, ఈ వసంతంలో వీళ్ళ వంతు వచ్చింది, పూజ అంటే ఫాదర్ వచ్చి వంటింటి బల్ల మీదే బలిపీఠం పెట్టి దివ్యపూజ చేస్తాడు, దానికి ముందు లోపలి గదిలో కూర్చుని ఒక్కొక్కరి పాపసంకీర్తనం, అంటే చేసిన పాపాలు ఒప్పుకోవడం, వింటాడు, ఆ తరవాత అందరూ ఇక్కడే టీ తాగి రొట్టె తిని, తింటూ తింటూ ఏ మూల బూజుందో, ఏ కప్పు అంచు విరిగిందో చూసుకుని వెళతారు, దేవుడు క్షమిస్తాడేమో గాని ఇరుగుపొరుగు క్షమించరు, అందుకే సబీనా డబ్బాలను కూడా వేడినీళ్ళలో ముంచి పీచుతో తోమింది, అన్నీ ఒకే రకం కోకో డబ్బాలు, కోల్మన్ ఆ మందు డబ్బా మీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తు వేసిన కాగితం అంటించాడు, అది నీళ్ళలో నాని ఊడివచ్చింది, మిగతా వాటి కాగితాలతో కలిపి దాన్ని పొయ్యిలో వేసింది, అంతవరకు బాగా గుర్తుంది, కాగితం మండడం కూడా గుర్తుంది, తరవాత సున్నపు చుక్కలు పడుతున్నాయని పైఅరలోని డబ్బా ఒకదాన్ని కాస్సేపటికని కింద అరలో సోడా డబ్బా పక్కన పెట్టింది, అది మళ్ళీ పైకి వెళ్ళిందా, వెళ్ళే ఉంటుంది, వెళ్ళకపోతే, ఇదీ తెల్లటి పొడే, అదీ తెల్లటి పొడే.

పొయ్యి ముందు ముక్కాలి పీట మీద డిలియా కూర్చుంది, కోల్మన్ అక్క, అరవై నిండిన కన్యక, ఈ వంటింటికి పుట్టినప్పటి నుంచీ రాణి, ఆమె ఎదురుగా గొలుసుకు వేలాడే ఇనప కుండ, కుండ కింద టర్ఫ్ అనే ఎండు బురదమట్టి పెళ్ళల నిప్పు, మూత మీద కూడా పరిచిన నిప్పులు, లోపల రేపటి రొట్టెల్లో మొదటిది, సబీనాకు కనబడేది ఆ మూతే, కానీ మనసులో మాత్రం ఇందాకటి డిలియా చేతులు ఆడుతున్నాయి, చెక్క పళ్ళెంలో పిండి గుట్ట, డబ్బాలో చెయ్యి పెట్టి అరచేతి గుంటలోకి తీసుకున్న తెల్లటి పొడి, బొటనవేలితో ఉండలు నలిపి పిండి మీద చల్లడం, మధ్యలో గుంట చేసి మజ్జిగ పోయడం, కోడికాలిలా వేళ్ళు విప్పి ఒక్క తిప్పు, ఇంకొక తిప్పు, అంతే, పిసికితే చచ్చిందే రొట్టె, పసిపిల్లని ముట్టుకున్నట్టు ముట్టుకోవాలే, అంటుంది ప్రతిసారీ, తరవాత ఎడమ చేతి వేళ్ళతో నడిమి చోటు వెతికి కత్తితో సిలువ గీత పెడుతుంది, లోపల దెయ్యం ఉంటే దారి చూసుకుని పోవాలి కదా, అని నవ్వుతుంది, అవును వేళ్ళతో వెతుకుతుంది, కళ్ళతో కాదు, రెండు కళ్ళకూ పాలపొర కమ్మింది, సూదిలో దారం ఎక్కించాలంటే, చలికి వేళ్ళు కొంకర్లు పోయాయే పిల్లా, నువ్వు ఎక్కించు, అంటుంది, ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు, ఆమె కూడా అనదు.

మూత తీసి చూస్తే చాలు, అది సోడా అయితే మజ్జిగ తగలగానే రేగి ఈపాటికి రొట్టె పొంగుతూ ఉంటుంది, కాకపోతే బండలా పడి ఉంటుంది, ఇంత సులువు, కానీ మధ్యలో మూత తీస్తే డిలియా చెయ్యి విరగ్గొడుతుంది, మూత ఎందుకు, కుర్చీ ఎక్కి పైఅర చూస్తే సరి, అక్కడ డబ్బా ఉంటే మందు అక్కడే ఉంది, లేకపోతే రెండో స్థానంలో ఉంది, కుర్చీ పక్కనే ఉంది, చేతులకు ఇత్తడి మసి అంటింది, కడుక్కోవాలి, కుర్చీ లాగితే చప్పుడవుతుంది, ఏం వెతుకుతున్నావే అంటుంది, ఏం చెప్పాలి, వదినా, నీ చేతికి విషం డబ్బా పెట్టానేమో చూస్తున్నా అనా, రేపు ఫాదర్ వచ్చేలోగా ఊరంతా పాకుతుంది, కోల్మన్ పెళ్ళాం చేతి పని అలా ఉంటుంది మరి, అంటారు, ఇంకాస్త ఆగుదాం, ఇప్పుడేం మునిగిపోయింది, ఎలాగూ కుండలోనే కదా ఉంది, ఏమిటే అట్లా ఎగపోస్తున్నావు, స్తంభాన్ని తోముతున్నావా దానితో కుస్తీ పడుతున్నావా, అంది డిలియా తల తిప్పకుండా, చెవులు మాత్రం పిల్లి చెవులు, ఏం లేదు వదినా, మసి వదలడం లేదు, అంది సబీనా.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు, ఈ ఇంట్లో అర్ధం ఏమిటి, ముప్పాతిక, పెళ్ళయి వచ్చిన వారానికే, డిలియా చర్చికి వెళ్ళిన సమయం చూసి, తన తల్లి నేర్పిన రొట్టె చేసి పెట్టింది సబీనా, కోల్మన్ కళ్ళలో మెరుపు చూడాలని, డిలియా వచ్చింది, అంచు విరిచి నమిలింది, ఒక్క మాట అనలేదు, రొట్టె మొత్తం ఒళ్ళో వేసుకుని వెళ్ళి కోళ్ళకు వేసి వచ్చింది, ఆ ఆదివారం పూజ అయ్యాక చర్చి గోడ దగ్గర అందరూ వింటుండగా, మా మరదలు చేసిన రొట్టె చాలా పనికొస్తుందమ్మా, గుమ్మానికి అడ్డం పెడితే ఎంత గాలికీ తలుపు కొట్టుకోదు, అంది, నవ్వారు, కోల్మన్ కూడా నవ్వాడు, అది సబీనాకు ముల్లులా దిగబడిపోయింది, ఆ రోజు నుంచీ ఆమె పిండి ముట్టలేదు, గిన్నెలు కడిగింది, గచ్చు కడిగింది, ఆవుల పాలు పితికింది, రొట్టె ఎవరు చేస్తే ఇల్లు వాళ్ళది, ఈ వైపంతా అంతే, ఆ లెక్కన ఈ ఇంటికి ఆమె పాలేరు.

అది సరే, అది మరిచిపోవచ్చు, మరిచిపోయింది కూడా, పోయిన శరదృతువులో నాలుగో నెల గర్భం పోయినప్పుడు మంచంలో పడి ఉంటే తలుపు ఓరగా ఉంది, పొరుగింటి హనోరాతో డిలియా అంటోంది, ఏం చేస్తాం, పొంగని పిండిని ఎంత కాల్చినా అంతే కదమ్మా, అని, గొంతు తగ్గించి జాలిగానే అంది, జాలిగా అంది కాబట్టే సబీనా కడుపులో ఇంకా కాలుతోంది, కానీ ఆ రాత్రంతా ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి పాదాల దగ్గర పెట్టింది కూడా డిలియానే, చల్లారినప్పుడల్లా మార్చింది, అది అబద్ధం కాదు, అదే అసలు బాధ, మనిషి పూర్తిగా చెడ్డదైతే ఎంత హాయి, నిశ్చింతగా అసహ్యించుకుని పడుకోవచ్చు.

నిప్పు చిటపటమంది, పొయ్యి పక్కన ఖాళీ గోనె వైపు సబీనా చూసింది, అక్కడ పడుకునే కుక్క పోయిన వసంతంలో నక్కలకు మందు పూసి పెట్టిన మాంసం ముక్క తిన్నది, ఎంతోసేపు పట్టలేదు, పెరట్లో విల్లులా వంగి బిగుసుకుపోయింది, కాళ్ళు కొయ్యలయ్యాయి, పళ్ళు బయటపడి నవ్వుతున్నట్టే ఉంది మొహం, కోల్మన్ దాన్ని గడ్డి పరకలతో కప్పి పారతో తీసుకెళ్ళాడు, డిలియా ఏడ్చింది, ఎవరు చచ్చినా ఏడవని డిలియా కుక్క కోసం ఏడ్చింది, మొదటి రొట్టె అంచు వేడివేడిగా విరిచి వెన్న రాసుకుని తినేది డిలియానే, ఎవరికీ ఇవ్వదు, ఉప్పు చూడాలి కదా అంటుంది, సబీనా చేతిలో గుడ్డ ఆగిపోయింది, చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్, వదినా అని పిలువు, పిలిచాక మిగతాది అదే వస్తుంది, నోరు తెరిచింది, అప్పుడే తలుపు తోసుకుని హనోరా వచ్చింది.

చంకలో బుట్ట, బుట్టలో పూల కప్పులు, రేపటికి చాలకపోతే అని అరువు తెచ్చింది, అమ్మయ్యా ఏం వాసన, స్వర్గం తలుపు తీసినట్టుంది, అంటూ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది, కూర్చో కూర్చో, ఇంకాసేపట్లో దించుతా, ఇవాళ నీకూ ఒక ముక్క విరుస్తా, నీ పూల కప్పులు చూసి మా కప్పులు సిగ్గుపడాలి, అంది డిలియా హుషారుగా, ముక్క అనే మాట వినగానే సబీనా లేచి నిలబడింది, తనకే తెలియకుండా లేచింది, హనోరా, మీ చిన్నవాడి ఏడుపులా వినిపిస్తోంది, అంది, ఏదీ నాకేం వినబడలేదే, అంది హనోరా, గాలి ఇటువైపు కదా, నాకు వినబడింది, పొయ్యి దగ్గర వదిలి వచ్చావా వాణ్ణి, అయ్యో తల్లీ పొయ్యి దగ్గరే, అని శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని హనోరా పరుగు తీసింది, తలుపు ఊగి ఆగింది, సబీనా నిలబడే ఉంది, వాడు ఏడవలేదు, ఏ ఏడుపూ వినబడలేదు, ఎంత చకచకా పుట్టింది అబద్ధం, హనోరాకు ఐదుగురు పిల్లలు, హనోరా తినకూడదు, కోల్మన్ చీకటి పడితే గాని రాడు, అతను కూడా తినడు, అప్పటికి ఏదో ఒకటి తెలిసిపోతుంది, అంటే తను లెక్క వేసుకుంది, ఎవరు తినకూడదో వేసుకుంది, ఆ లెక్కలో ఒక్క పేరు మాత్రం లేదు, ఛీ ఏం ఆలోచనలివి, ఏమీ కాదు, అది సోడానే, నూటికి తొంభై పాళ్ళు సోడానే, మిగతా పది పాళ్ళ కోసం ఎవరైనా ఇంత గోల చేస్తారా.

చాలా మంచిదానివే నువ్వు, అంది డిలియా ఉన్నట్టుండి, ఒకళ్ళ బిడ్డ ఏడిస్తే నీకు వినబడుతుంది, నా చెవికే అందలేదు చూడు, ముసలిదాన్నవుతున్నా, సబీనా చేతిలోని స్తంభాన్ని బల్ల మీద పెట్టింది, ఇప్పుడైనా చెప్పచ్చు, ఇప్పుడు ఇద్దరే ఉన్నారు, ఊరు లేదు, సిగ్గు లేదు, సాకు ఏదీ మిగల్లేదు, గడియారం నడుస్తోంది, వానచినుకులు పొగగొట్టంలో పడి నిప్పు మీద చుయ్యిమంటున్నాయి, డిలియా బాతు రెక్క తీసుకుని మూత మీది బూడిద ఊడ్చింది, పట్టకారు కోసం తడిమింది, అందడం లేదు, ఏదే అది, అంది, సబీనా వంగి పట్టకారు తీసి ఆమె చేతికి అందించింది, తన చేత్తో తనే అందించింది.

మూత లేచింది, ఆవిరి ముందు వచ్చింది, తరవాత వాసన, తరవాత రొట్టె, కుండ అంచు దాకా గుమ్మటంలా పొంగి, సిలువ గీత నాలుగు వైపులా విచ్చుకుని, పైన బంగారు గోధుమరంగు, ఇంతకంటె బాగా పొంగిన రొట్టె ఈ ఇంట్లో ఎప్పుడూ దిగలేదు, సోడానే, ఖాయంగా సోడానే, మందు పైనే ఉంది, అంతా పైనే ఉంది, అయ్యో, అంది సబీనా.

పైకే అంది, ఏమిటే అయ్యో అన్నావు, మాడిందా, అని డిలియా పాలకళ్ళు ఇటు తిప్పి కంగారుగా అడిగింది, పూజకు పెట్టే రొట్టె, చెప్పవే మాడిందా ఏమిటి, లేదు వదినా, అంది సబీనా, బాగా పొంగింది, అట్లా చెప్పు, హడలగొట్టి చంపావు కదే, అంటూ డిలియా రొట్టెను గుడ్డలోకి తిప్పి, అడుగున వేలి కణుపుతో కొట్టి, ఆ బోలు చప్పుడుకు తల ఊపి, అంచు విరిచి వెన్న పూసి నోట్లో పెట్టుకుంది, కళ్ళు మూసుకుని నమిలింది, గడ్డం మీద వెన్న జారింది, ఉప్పు సరిపోయిందే, అంది తృప్తిగా, సబీనా ఎదురుగా నిలబడి ఆ నమిలే నోటినే చూసింది, మనుషులు భయం తీరితే అమ్మయ్య అంటారు, తన నోటికి వచ్చింది అమ్మయ్య కాదు, ఈ రొట్టె పొంగకుండా బండలా దిగి ఉంటే కూడా తను ఇట్లాగే, ఇక్కడే, నోరు విప్పకుండా నిలబడి చూసి ఉండేది.