లాభం, రెండు, మూడు

“రాయప్ప అల్లం కోసం మద్రాసు వెళ్తున్నాడంట!”

తోటలో కాయలేరే అచ్చమ్మ హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగీ దిగకముందే కేకేసింది. బస్సులో డేవిడ్ రాజు చెప్పింది ‘ఆల్బం’. ఇంజను మోతలో ఆవిడకి అల్లమే వినబడింది. రాయప్ప దగ్గు నూజివీడు తోటలన్నిటికీ తెలుసు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

“పాపం, మన ఊరి అల్లం పట్టలేదు కాబోలు!” అన్నారు.

అది అరవయ్యారు వేసవి. రాయప్ప పగలు మామిడికాయలు లెక్కపెట్టేవాడు. సాయంత్రం డేవిడ్ రాజు గిటారుతో, పోతురాజు డ్రమ్ములతో కలిసి పాడేవాడు. బాపులపాడు పెళ్ళిళ్ళలో మొదలైన ఆ మేళానికి ‘రసాల రాక్ పార్టీ’ అని పేరు పెట్టుకున్నారు.

“రాక్ అంటే రాయి అంట కదండీ?” అని ఎవరో అడిగితే, “రాయప్పని నేనున్నాగా, వేరే రాయి దేనికి?” అన్నాడు.

ఉంగుటూరులో వాళ్ళ పాట విన్న మద్రాసు గ్రామఫోను కంపెనీ మనిషి ఒకాయన, నాలుగు పాటలతో ఆల్బం వేస్తానన్నాడు. కానీ పాడాల్సిన మనిషికి ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టరు అప్పటికే చెప్పేశాడు. రాయప్పకి మిగిలింది ఒకటే కోరిక, తన గొంతు గ్రామఫోను ప్లేటులో ఉండాలి.

“నేను పోయినా నువ్వు పోట్లాడుకోడానికి గొంతుండాలి కదే!” అనేవాడు భార్య జోజమ్మతో.

“అప్పుడూ నీదే పైచెయ్యా?” అని జోజమ్మ మొహం తిప్పుకునేది.

మద్రాసు స్టూడియోలో మైకు ముందు నిలబడితే పాటకంటే ముందు దగ్గు వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ దగ్గే. చివరికి రాయప్పే డేవిడ్ రాజు భుజం మీద చెయ్యేశాడు.

“నువ్వు పాడరా. నేను లెక్కపెడతా.”

ఎర్రదీపం వెలిగింది. కాయల రాశి ముందు కూర్చున్నట్టే మొదలుపెట్టాడు.

“లాభం... రెండు... మూడు... నాలుగు...”

డ్రమ్ము పడింది. మొదటి పాట ఒక్క ఊపున పూర్తయింది.

“అద్భుతం! ఆ లాభం ఏంటండీ మొదట్లో? లెక్క కోసేద్దాం,” అన్నాడు కంపెనీ ఆయన.

“మా తోటల్లో మొదటి కాయని ఒకటి అనరండీ, లాభం అంటారు,” అన్నాడు పోతురాజు. “ఒకటి అని మొదలెడితే ఆ రాశి అచ్చిరాదండీ.”

డేవిడ్ రాజు గిటారు తీసి పెట్టెలో పెట్టేశాడు. “అది కోస్తే నా పాట కూడా కోసేయండి.”

రాయప్ప నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కంపెనీ ఆయన ఆ తువ్వాలు వైపు చూసి, లెక్కని అలాగే ఉంచమన్నాడు.

ప్లేటు వచ్చేసరికి రాయప్ప లేడు.

జంక్షన్ కాఫీ హోటల్లో గ్రామఫోను చుట్టూ తోటల జనమంతా మూగారు. జోజమ్మ ముందు బల్ల మీద కూర్చుంది. ముల్లు ప్లేటుకి తగిలింది. కాసేపు గరగర. తర్వాత, దగ్గు లేని గొంతుతో రాయప్ప.

“లాభం...”

జోజమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పాట మొదలైనా ఎవరూ తల ఊపలేదు. పాటయ్యాక ఆవిడ అడగకుండానే హోటలాయన ముల్లు మళ్ళీ మొదటికి పెట్టాడు.

అచ్చమ్మకి ఇంకా అర్థం కాలేదు. “అయితే మద్రాసులో అల్లం దొరకలేదా?”

జోజమ్మ లేచి అందరివైపూ తిరిగింది.

“అల్లం కాదు పిన్నీ, ఆల్బం. ఆల్బం అంటే ఇదే. మా ఆయన మందుకి పోలేదు. మందు లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. గొంతు నాకోసం దాచిపెట్టడానికి వెళ్ళాడు.”