ఖుమారి దిగిన పొద్దు

దేవిదాస్ నిమ్మచెక్క పిండి, గింజలను బొటనవేలితో పక్కకు తోశాడు. చిటికెడు నల్లుప్పు వేసి సోడా పోయగానే నురగ అంచుదాకా లేచింది. బోధన్ బస్టాండు పక్కన ఆయన బండి దగ్గరికి పొద్దున వచ్చేవాళ్లంతా ఒకేలా ఉంటారు. ఎర్రబడ్డ కళ్లు, పిడచకట్టిన నోరు. గటగటా తాగుతారు, త్రేన్చుతారు, వెళ్లిపోతారు. ఖుమారి, అదే రాత్రి తాగినదాని తలభారం, దిగినవాడికి సోడాబండితో ఏం పని?

పరమేశ్వర్ ఒక్కడే నిలబడేవాడు. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆయన కాటా గుమాస్తా, దేవిదాస్ చెరుకు బండ్లు దించే కూలీ. అది మూతపడ్డాక పరమేశ్వర్ సాయంత్రాలు కల్లు దుకాణంలో, పొద్దులు ఈ బండి దగ్గర గడిచాయి. నలుగురు తాగిన గ్లాసు ముట్టనని, పిడి ఉన్న తన స్టీలు గ్లాసు తెచ్చి బండి మేకుకు తగిలించాడు. భార్య పోయిన దేవిదాస్‌కు రోజు మొత్తంలో ఒక మనిషితో మాట్లాడటమంటే ఆ కాసేపే.

ఒకనాడు పరమేశ్వరే చెప్పాడు. "నువ్వు ఖుమారి అంటవు, అది ఉర్దూలకెళ్లి వచ్చింది. పోరగాండ్లు హ్యాంగోవర్ అంటరు. ఆ మాటకు మొదలు తాగుడుతోని సంబంధమే లేదన్నా. అయిపోయినంక గూడ మిగిలుండేదని అర్థం. తాగుడుకు తర్వాత తగిలించిండ్రు."

"గట్లయితే తాగనోనికి గూడ ఉంటదన్నట్టు."

"ఉంటది. దానికి నీ సోడా పనిచెయ్యది," అని నవ్వాడు పరమేశ్వర్. నవ్వుతుంటే చేతిలోని గ్లాసు వణికి సోడా చొక్కా మీద ఒలికింది.

ఆ శనివారమే దేవిదాస్ హనుమంతుడికి కొబ్బరికాయ మొక్కుకున్నాడు, ఈ మనిషి తాగుడు మానాలని. మొక్కుతుంటేనే ఇంకో ఆలోచన వచ్చింది. మానితే బండికెందుకు వస్తాడు? అయినా మొక్కు వెనక్కి తీసుకోలేదు.

కొన్నాళ్లకు పరమేశ్వర్ రావడం ఆగింది. దవాఖానలో ఉన్నాడని ఎవరో అన్నారు. దేవిదాస్ రోజూ ఆ గ్లాసు కడిగి మేకుకు పెడుతూనే ఉన్నాడు.

ఇవాళ ఆయన వచ్చాడు. గడ్డం గీసుకుని, చేతిలో సంచితో. కూతురు సుకన్య కొంచెం దూరంలో ఆగింది. దేవిదాస్ గ్లాసు అందుకోబోయాడు.

"వద్దన్నా. దవాఖానల తాగుడు బందు చేయించిండ్రు. నందిపేట్ పోతున్న, బిడ్డింటికి. ఈడుంటే కాళ్లు మళ్ల దుకాణం దిక్కే నడుస్తయి."

"మంచిగైంది," అన్నాడు దేవిదాస్. మనసారానే అన్నాడు. "నీ గ్లాసు తీస్కపో."

"ఉండనియ్. దాన్ని సూస్తే నీ సోడా యాదికొస్తది. సోడా యాదికొస్తే కల్లు."

బస్సు కదిలింది. మధ్యాహ్నం దేవిదాస్ గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టాడు. స్వామి విన్నాడు. ఇద్దరికీ సరిపడేలా అడగాల్సిందేమో అనిపించింది, కానీ అదెలా అడగాలో ఇప్పటికీ తోచలేదు.

తిరిగొచ్చి, ఎప్పటిలాగే గ్లాసు కడిగి తగిలించాడు. రోడ్డు మీద లారీ వెళ్లినప్పుడల్లా అది బండి చెక్కకు తగిలి సన్నగా మోగుతోంది.