బండరాళ్ల మీద నంబరు

బోరు వేయాలనుకున్న రైతులకు నీళ్లు పడే చోటు చూపించడం బాలప్ప పని. పొద్దున్నే ఆంజనేయస్వామికి దీపం పెట్టి, చెప్పులు విడిచి, అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడు. కాయ నిటారుగా లేచిన చోట గుర్తు పెడతాడు. సెల్లు కొన్న కొత్తలో శింగనమల నుంచి పామిడి దాకా దారి పక్క బండరాళ్ల మీద తన నంబరు తెల్లరంగుతో రాసుకున్నాడు.

తీరా ఆ ఫోను ఇంట్లో మోగదు. సిగ్నల్ కోసం గడ్డివామి ఎక్కాలి. దొరకని మనిషి కోసం ఎవరు కాచుకుంటారు? రైతులు ఇంకొకరిని పిలుచుకోసాగారు. పక్కింటి టీచరమ్మ వనజాక్షి సిమ్ము వేరే కంపెనీది, వంటింట్లో కూడా పలుకుతుంది.

"మూడు నూర్ల అడుగుల కింద నీళ్లు కనపడతాయంట ఈయప్పకు, ఇంట్లో సిగ్నల్ కనపడదు," అని భార్య రామాంజినమ్మ ఆ టీచరమ్మ ముందే దెప్పింది.

నంబరు ఉంచుకుని కంపెనీ మార్చుకునే వీలు ఇంకా రాని రోజులవి. సిమ్ము మారిస్తే నంబరు మారుతుంది, రాళ్లన్నీ మళ్లీ రాయాలి అని బాలప్ప నాన్చాడు. అసలు సంగతి వేరు. శింగనమల దగ్గర లింగన్న అనే రైతు చేనిగట్టున కూడా తను నంబరు రాసిన బండ ఒకటి ఉంది. రెండేళ్ల కిందట ఆ చేనిలో బాలప్ప చూపిన చోట బోరు ఎంత లోతుకు దింపినా దుమ్మే లేచింది. ఆనాటి నుంచి ఆ దారి తొక్కలేదు. నీళ్లు పడితే స్వామి చూపించాడని చెప్పుకునే తాను, పడనప్పుడు ఎవరు చూపించారని చెప్పాలో అతనికి తెలియలేదు.

కార్తీకంలో చివరికి సిమ్ము మార్చాడు. మూడు రోజులు తిరిగి పాత అంకెలు చెరిపి కొత్తవి రాశాడు. లింగన్న బండ ఒక్కటే మిగిలింది. దాన్ని వదిలేసినా అడిగేవాళ్లు లేరు. కానీ మర్నాడు దీపం ముందు నిలబడితే మనసొప్పలేదు. రంగుడబ్బా తీసుకుని బయలుదేరాడు.

సగం అంకెలు చెరిపేసరికి వెనక లింగన్న నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, నంబరు చెరిపేస్తాండావు. నాకు దొరకకుండానా?"

బాలప్ప కుంచె దించాడు. "దొరకాలనే వచ్చినాలే అన్నా. సిమ్ము మార్చినా."

"దసరా నుంచి నీకు ఫోను చేస్తాండా, పోతేనా! వానలకు చెరువు నిండినాక నువ్వు చూపిన ఆ ఒట్టి బోరులో రాయేస్తే బుడుంగుమనింది. మోటరు దించితే రెండించుల నీళ్లు."

చేను వైపు చూస్తే శనగపైరు పచ్చగా ఉంది. బాలప్ప తల అడ్డంగా ఊపాడు.

"అది చెరువు ఊటన్నా. నా టెంకాయ గొప్ప గాదు. ఆ పొద్దు నేను తప్పే చెప్పినా."

"తప్పే చెప్పినావు. తిట్టుకున్నా కూడా. కానీ బోరు ఈడుంటేనే గదప్పా, ఆ ఊట ఈడికొచ్చింది."

ఇది స్వామి చూపించినట్టా, వాన తన తప్పును కడిగినట్టా? బాలప్ప ఎటూ తేల్చుకోలేకపోయాడు. కొత్త నంబరు మాత్రం మిగతా రాళ్ల కంటే పెద్దగా రాశాడు. రంగు ఆరకముందే లింగన్న ఆ అంకెలు చూస్తూ తన సెల్లులో నొక్కాడు. బాలప్ప జేబులో ఫోను గట్టిగా మోగింది. రెండడుగుల దూరంలో ఉన్న మనిషికి అతను "అలో" అన్నాడు.

"రేపు మా బావ చేనికి రావల్ల," అన్నాడు లింగన్న ఫోనులోనే. "ముందే చెప్పు ఆయప్పకు, నీళ్లు పడొచ్చు, పడకపోవచ్చు అని."

"చెప్తా," అన్నాడు బాలప్ప.