గాజు పెంకుల పొట్లం

పొద్దున పది కాకముందే మూడో కుప్ప కనబడింది. మొదటి రెండూ గోనె సంచుల్లోకి ఎత్తి, గేటు దాకా మోసేసరికే కొండక్క నడుము పట్టేసింది. ఈ మూడోది పెద్ద బండ మలుపులో, నడిచే దారికి సరిగ్గా అడ్డంగా పోసి ఉంది. నిన్న సాయంత్రం ఐదున్నరకి ఇదే మలుపులో చీపురు వేసి దిగింది ఆమె. అప్పుడు ఇక్కడ ఎండుటాకు కూడా లేదు.

"ఏం పొయ్యేకాలంరా మీకు!" అని గట్టిగానే తిట్టింది. ఎవర్ని తిట్టాలో మాత్రం తెలియలేదు.

కొండక్క అన్నది ఆమె అసలు పేరు కాదు. పదకొండేళ్లుగా ఈ కొండ దారి ఊడుస్తోంది కాబట్టి నడకకొచ్చేవాళ్లు అలా పిలుస్తారు. జీతాల కాగితం మీద ఉన్న పేరు ఆమెకే ఒక్కోసారి కొత్తగా అనిపిస్తుంది. రోజుకి మూడొందల కూలి, సెలవు పెడితే అదీ లేదు. కొండ ప్రభుత్వానిది, అంటే అందరిదీ అని చెప్పుకుంటారు. టిక్కెట్టు లేదు. పొద్దున్నే ముసలివాళ్లు నడుస్తారు. ఆస్పత్రిలో రోగుల్ని పెట్టుకున్నవాళ్లు మధ్యాహ్నం వచ్చి చెట్ల కింద కాసేపు కళ్లు మూసుకుంటారు. ఆదివారం కుట్టు ఫ్యాక్టరీ ఆడవాళ్లు చెరువు గట్టున చెప్పులు విడిచి కాళ్లు చాపుకుంటారు. వారం మొత్తం మీద వాళ్లు కాళ్లు చాపుకునే చోటు అదొక్కటే.

నెల కిందట గేటు పక్కన కొత్త బోర్డు వెలిసింది. కొండనీ చెరువునీ ముప్పై ఏళ్లపాటు ఒక కంపెనీ చూసుకుంటుందట. శుభ్రత, భద్రత, ఆనందం అని మూడు రంగుల్లో రాశారు. మనిషికి నూట యాభై ప్రవేశ రుసుము అన్న సంగతి మాత్రం అడుగున, వంగి చూస్తే తప్ప కనబడని అక్షరాల్లో ఉంది. అంటే కొండక్క తను ఊడ్చిన దారిలో తనే నడవాలంటే సగం రోజు కూలి ఇచ్చుకోవాలి. సిబ్బంది లేక అప్పగిస్తున్నామని ఈ కొండని చూసే అటవీ శాఖ రేంజరు అందరితో అంటున్నాడు. మూడేళ్ల కిందట ఇక్కడ ఊడ్చేవాళ్లు ఆరుగురు. నలుగుర్ని మాన్పించారు. ఐదో ఆమె రేంజరు ఇంటి వెనక పూల మొక్కలకి నీళ్లు పోస్తోంది. ముందు చేతులు తీసేసి, తర్వాత చేతులు లేవని ఏడవడం ఎంత సుఖమైన పనో చూడండి!

మధ్యాహ్నం మూడింటికి కమిటీ వస్తోంది. కొండ ఎవరి చేతుల్లో ఉండాలో వాళ్లు చూసి తేలుస్తారట. వాళ్లొచ్చేలోగా ఇదీ ఎత్తెయ్యాలని కొండక్క కూలబడి చెయ్యి పెట్టబోయింది. అంతలో సెల్లు మోగింది.

"మూడు కుప్పలున్నాయంటగా?" అన్నాడు రేంజరు.

"రెండెత్తేశాను సార్. ఇదొక్కటే..."

"ఎత్తేశావా? ఎవరెత్తమన్నారు నిన్ను? మూడోది ముట్టుకున్నావంటే చూడు. సార్లు చూడాలి దాన్ని!" అని ఫోను పెట్టేశాడు.

కొండక్క సెల్లు వంక తెల్లబోయి చూసింది. ఊడవలేదని పదకొండేళ్లలో వందసార్లు తిట్లు తింది. ఊడ్చినందుకు తినడం ఇదే మొదలు. పైగా కుప్పలు మూడని ఆయనకెవరు చెప్పారు? ఆమె ఎవరికీ చెప్పలేదు. తనకే మూడోది ఇప్పుడు కనబడింది.

అప్పటినుంచీ ఆమె కుప్పని చూసే చూపు మారింది. కొండ మీద చెత్త ఎలా ఉంటుందో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. తినేవాళ్లు నడుస్తూ పడేస్తారు. అది దారి పొడుగునా ఇక్కడో కాగితం, అక్కడో సీసాగా ఉంటుంది. బెంచీ కింద తొక్కలుంటాయి, పొదల్లో ప్యాకెట్లుంటాయి. ఇదేమో ఒక్కచోటే బోర్లించినట్టుంది. ఇందులో ఇంటి పొయ్యి బూడిదుంది. విరిగిన ట్యూబులైటుంది. పాత పరుపు దూదుంది. పరుపు మోసుకుని కొండెక్కేది ఏ షికారుగాళ్లు?

ఇంకోటి కూడా కనబడింది. సంచుల్లేవు. ఇంత చెత్త సంచుల్లో కాక ఎలా వస్తుంది? బయటి మనిషైతే సంచితో సహా విసిరేసి పోయేవాడు. సంచి దులిపి, మడిచి, వెనక్కి పట్టుకుపోయేది చెత్త ఎత్తే మనిషే. సంచి విలువ వాళ్లకే తెలుసు.

లేచి కుప్ప చుట్టూ తిరిగింది. బండ మీద, చేతికందే ఎత్తులో, న్యూస్‌పేపరుతో చుట్టిన పొట్లం ఒకటి పెట్టి ఉంది. ఆకుపచ్చ గుడ్డ పీలికతో కట్టి ఉంది. తాకి చూస్తే లోపల గలగలమంది. గాజు పెంకులు.

ఆ పీలిక తన పాత పని కోటు చెయ్యిది. చినిగిపోయిందని పోయినేడు తమ్ముడికి మసిగుడ్డకిచ్చింది.

తమ్ముణ్ణి అందరూ చిన్నోడంటారు. మీసాలొచ్చి పదేళ్లయినా పేరు మాత్రం మారలేదు. చెత్త వ్యాను నడుపుతాడు, అదీ రోజు కూలి మీదే. పనిలో చేరిన మొదటి వారం అరచెయ్యి కోసుకుని ఏడుస్తూ వచ్చాడు. కట్టు కడుతూ కొండక్కే చెప్పింది. "గాజనేది కనబడితే విడిగా తియ్యిరా. కాగితంలో చుట్టి ఎత్తు మీద పెట్టు. మన వెనకొచ్చేవాళ్లకీ చేతులుంటాయ్." వాడు ఆ మాట ఈనాటికీ తప్పలేదు. పాడు పని చెయ్యడానికొచ్చి కూడా తప్పలేదు. ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెంటనే పొట్లాన్ని నేలకేసి కొట్టాలనిపించింది.

"చూశావా కొండక్కా?" అన్న గొంతు విని పొట్లం గబుక్కున చేతిసంచిలో దాచేసింది. రోజూ నడకకొచ్చే రిటైరైన మాస్టారు. కంపెనీ వద్దని సంతకాలు సేకరిస్తున్నది ఆయనే. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కుప్పని చూసి తల అడ్డంగా ఊపాడు. "మన జనానికి బుద్ధి రాదు. ఇంత కష్టపడి సంతకాలు పోగేసి ఏం లాభం? కంపెనీకిచ్చేస్తేనే నయమేమో. టిక్కెట్టు పెడితే కొంచెం భయముంటుంది."

"జనం పోసింది కాదు మాస్టారూ ఇది."

"మరెవరు పోశారంటావ్?"

కొండక్క చేతిసంచి మూతి బిగించి పట్టుకుంది. మాస్టారు నిట్టూర్చి, కుప్ప చుట్టూ జాగ్రత్తగా అడుగులేస్తూ దిగిపోయాడు. చేతిలో ఉన్న సంతకాల కాగితాలని ఆయన గుండ్రంగా చుట్టేశాడు. కుప్ప తన పని తాను చేస్తోందని ఆమెకి అర్థమైంది.

పన్నెండున్నరకి గేటు దగ్గర వ్యాను ఆగింది. చిన్నోడు ఈల వేసుకుంటూ దిగాడు. అక్క మొహం చూసి ఈల ఆపేశాడు.

"ఏంటక్కా, ఒంట్లో బాలేదా?"

కొండక్క పొట్లం తీసి వ్యాను ముందు భాగం మీద పెట్టింది. వాడు దాన్ని చూశాడు, గేటు వైపు చూశాడు, చెప్పుల వైపు చూసుకున్నాడు.

"నాకేం తెలుసు?" అన్నాడు.

"నేనేమైనా అడిగానా?"

వాడు మెడ గోక్కున్నాడు. "మిగతాదంటే పర్లేదు గానీ, గాజు... నువ్వు చేతులు పెడతావని," అన్నాడు.

ఆ మాటకి ఆమె కోపమంతా ఒక్కసారి కారిపోయినట్టయింది. వెంటనే రెట్టింపై తిరిగొచ్చింది. "నా చేతుల మీద అంత ప్రేముందిగా! మరి ఆ చేతులకి పనే లేకుండా చేస్తావేంరా?"

"పని పోదే అక్కా! అదే కదా చెప్పేది. కంపెనీ మేనేజరు మాటిచ్చాడు. నన్ను పర్మనెంటు డ్రైవరుగా తీసుకుంటారు. నీ పేరు కూడా రాయించాను. నెల జీతం, వారానికో సెలవు. ఎన్నాళ్లని ఈ మూడొందలకి నడుం విరగ్గొట్టుకుంటావ్?"

"కాగితం ఇచ్చాడా?"

"మాటిచ్చాడు."

"మాట! వీడికి మాటిచ్చాడంట." కొండక్క గేటు ఊచలు పట్టుకుంది. "తెల్లారేదాకా గేటుకి తాళముంటుంది కదా. ఎలా తెచ్చావ్ పైకి?"

చిన్నోడు గొంతు తగ్గించాడు. "తాళం చెవి ఎవరి దగ్గరుంటుందో నీకు తెలీదా అక్కా?"

కొండక్కకి తెలుసు. తాళం చెవి రేంజరు నడుముకి వేలాడుతూ ఉంటుంది, నడిస్తే చప్పుడవుతుంది. ఇన్నాళ్లూ కంపెనీ వాడు దొంగ, మన ఆఫీసు మనది అనుకుంటూ వచ్చింది. కొనేవాడొక్కడే అయితే బేరం ఎలా కుదురుతుంది?

"ఎవరితోనూ అనకే. వ్యాను పని కూడా పోతుంది నాకు," అన్నాడు తమ్ముడు. ఆమె పొట్లం తీసుకుని మళ్లీ సంచిలో వేసుకుంది.

మూడింటికి కమిటీ వచ్చింది. ముగ్గురికీ పెద్ద అయిన కళ్లజోడు ఆఫీసరమ్మ బండ మలుపు దాకా ఆగకుండా నడిచింది. మిగతా ఇద్దరూ దారిలో రెండుచోట్ల ఆగి వగర్చారు. కంపెనీ మేనేజరు మెరిసే బూట్లతో కుప్పకి దూరంగా నిలబడి ఫొటోలు తీయించాడు. మడత బల్ల వేయించారు. మాస్టారూ, ఇంకో పదిమంది నడక మనుషులూ చుట్టూ చేరారు. ఫొటోలయ్యాక ఎత్తడానికని రేంజరు పిలిపిస్తే, చిన్నోడు ఖాళీ సంచులు భుజాన వేసుకుని వెనక నిలబడ్డాడు.

"ఇది రోజూ ఉండేదే మేడమ్. ఊడ్చే మనిషి వాంగ్మూలం కూడా రాయించాను," అని రేంజరు బల్ల మీద కాగితం పరిచాడు. "ఇలా రా. ఇక్కడ సంతకం పెట్టు."

కొండక్క కాగితం చేతిలోకి తీసుకుంది. చదవడం ఆమెకి నిదానం, వేలు పెట్టి చదువుతుంది. సందర్శకులు ప్రతిరోజూ కుప్పలుగా చెత్త వేయుచున్నారనీ, శాఖ సిబ్బంది వలన కానందున నిర్వహణ కంపెనీకి అప్పగించవలెననీ తాను కోరుతున్నట్టు ఉంది. తాను ఎప్పుడు కోరింది?

"చదివింది చాల్లే, పెట్టు," అన్నాడు రేంజరు.

"నీకూ మంచిదేనమ్మా. మా లిస్టులో నీ పేరుంది," అన్నాడు మేనేజరు ఎంతో ప్రేమగా.

పెడితే నెల జీతం, కనీసం మాట వరకు. పెట్టకపోతే రేపటినుంచి ఈ మూడొందలు కూడా ఉండవు. తమ్ముడి వైపు చూసింది. వాడు పెట్టెయ్యమన్నట్టు కళ్లతోనే బతిమాలాడు. మాస్టారి వైపు చూసింది. ఆయన మొహం చాటేశాడు.

"నేను పెట్టను సార్," అంది.

"ఏంటీ?"

"పెట్టనన్నాను. ఇది నడిచేవాళ్లు వేసిన చెత్త కాదు. నడిచేవాళ్లు వేసేది నేను పదకొండేళ్లుగా ఎత్తుతున్నా, నాకు తెలుసు."

రేంజరు మొహం కందగడ్డయింది. ఆఫీసరమ్మ చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. "మరి ఎవరు చూసుకోవాలంటావమ్మా ఈ కొండని? కంపెనీ వద్దంటావ్. వీళ్ల వల్ల కావట్లేదని చూస్తూనే ఉన్నాం."

"నాకు రాసిమ్మనట్లేదమ్మా. ఇక్కడ నడిచేవాళ్లని, ఊడ్చేవాళ్లని, ఆదివారం వచ్చే ఆ ఫ్యాక్టరీ ఆడవాళ్లని కూచోబెట్టి అడగండి. గేటు తాళం చెవి ఒక్కడి మొలకే వేలాడకూడదు. అంతవరకూ నాకు తెలుసు. అలాంటి కాగితం తెస్తే అప్పుడు పెడతాను సంతకం."

"అది సరే. ఈ చెత్త ఎవరు పోశారు మరి?"

తమ్ముడి పేరు చెప్పడానికి కొండక్కకి నోరు రాలేదు. తెలీదని చెప్పడానికి మనసు ఒప్పుకోలేదు. చేతిసంచిలోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "కుప్ప పక్కన దొరికింది," అని వెనక్కి జరిగింది.

మేనేజరు నవ్వాడు. "ఇదేంటి, పలహారమా?"

ఆఫీసరమ్మ నవ్వలేదు. పొట్లం దగ్గరికి లాక్కుని ఆకుపచ్చ పీలిక ముడి విప్పింది. కాగితం మడతల్లోకి వేళ్లు దూర్చబోయింది.

"అమ్మా, చెయ్యి పెట్టకండి!" చిన్నోడు సంచులు కింద పడేసి ఒక్క అంగలో ముందుకొచ్చాడు. "గాజు పెంకులున్నాయ్ అందులో!"

ఆఫీసరమ్మ వేళ్లు ఆగిపోయాయి. మాస్టారు చుట్టేసిన కాగితాలు ఆయన చేతిలో మెల్లగా విచ్చుకున్నాయి. రేంజరు మొలనున్న తాళం చెవుల్ని అరచేత్తో మూసేశాడు.

"నీకెలా తెలుసు?" అంది ఆఫీసరమ్మ.

చిన్నోడు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు చెరువు వైపు చూస్తున్నాడు, వీణ్ణి పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడనట్టు. వాడు అక్క వైపు తిరిగాడు. కొండక్క చీపురు నేలకి ఆనించి, వాడు నోరు తెరుస్తాడని చూస్తూ నిలబడింది.