మాబెల్ నడిపిన దారి

నాంపల్లి స్టేషన్ రోడ్డులో, మేడ మీదున్న లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో శ్రావణ్ చేరి పదిరోజులే అయింది. లారీలు ఎక్కడున్నాయో కంప్యూటర్‌లో చూస్తూ ఉండటం అతని పని. పక్క కుర్చీలో మాబెల్ ఇరవై రెండేళ్లుగా డ్రైవర్ల ఫోన్లు ఎత్తుతోంది. మ్యాపులుండగా ఈమెతో పనేమిటో అతనికి అర్థం కాలేదు.

ఆ ఉదయం తొమ్మిదింటికి డ్రైవర్ పెంటయ్య ఫోన్ చేశాడు. అతని బండిలో గన్నవరం వెళ్లాల్సిన పదివేల కోడిపిల్లలున్నాయి.

"అక్కా, కోదాడ దాటంగనే వాగు రోడ్డెక్కింది. పోలీసులు ఆపిన్రు. బండి ఆగితే పిల్లలకు గాలాడది, సచ్చిపోతయ్!"

శ్రావణ్ తెర చూశాడు. విజయవాడ దారంతా ఎర్రగా ఉంది. "సూర్యాపేటకు మళ్లొచ్చి ఆగమనండి ఆంటీ," అన్నాడు.

"ఆగితే ఎట్ల?" అంటూ మాబెల్ రెండో ఫోన్ అందుకుంది. హుజూర్‌నగర్‌లో సిమెంట్ లారీ నడిపే సురేందర్‌ను పలకరించి, ఆ దారి తెరిచే ఉందని, వాడపల్లి వంతెన మీద బండ్లు పోతున్నాయని తెలుసుకుంది. మళ్లీ పెంటయ్యతో మాట్లాడింది.

"అన్నా, బండి వెనక్కి తిప్పు. కోదాడల హుజూర్‌నగర్ రోడ్డు పట్టు. నేరేడుచర్ల మీదికెళ్లి మిర్యాలగూడ. గాడ అద్దంకి హైవే తగులుతది, ఎడమకు తిరుగు. వాడపల్లి కాడ కృష్ణ దాటినవంటే ఆంధ్రల పడ్డట్టే. పిడుగురాళ్లల మళ్ల ఎడమకు, సత్తెనపల్లి మీద గుంటూరు. గాడికెళ్లి పెద్ద రోడ్డే."

"శానా దూరమైతదక్కా."

"ఔ. కానీ బండి నడుస్తనే ఉంటది గదా, గాలాడుతది. ఫికర్ చెయ్యకు."

ఆ రోజు ఆమె మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు. జంక్షన్ వచ్చినప్పుడల్లా పెంటయ్య ఫోన్ చేశాడు. చేసిన ప్రతిసారీ ఆమె తడుముకోకుండా దారి చెప్పింది. శ్రావణ్ మ్యాపులో వేలు పెట్టి వెంటబడి చూశాడు. ఒక్క మలుపూ తప్పలేదు. నాలుగున్నరకు పెంటయ్య గొంతు నవ్వుతూ వినిపించింది. గన్నవరం చేరాడు. ఓ ముప్పై పిల్లలు పోయాయి, మిగిలినవన్నీ బతికే ఉన్నాయి.

శ్రావణ్ ఆమె ముందు టీ కప్పు పెట్టాడు. "ఆ దారిల ఎన్నిసార్లు పోయిన్రు ఆంటీ?"

"నేనా? ఒక్కసారి గూడ పోలే. మాది మెదక్. పెళ్లయినంక సికింద్రాబాద్, నాంపల్లి, గంతే. డ్రైవర్లు చెప్తుంటే ఇన్న. ఇరవై రెండేండ్లు ఇంటే రాదా?"

ఆమెను ఒక్కసారి ఆ దారిలో పంపమని మర్నాడు యజమాని మహీధర్‌తో శ్రావణే మాట్లాడాడు. తరువాతి సోమవారం పొద్దున పెంటయ్య మెట్లెక్కి వచ్చి, "అక్కా, బండి ఎక్కు," అన్నాడు. ఆమె కుర్చీలో ఆ రోజుకు శ్రావణ్ కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. హారన్ల మధ్య మాబెల్ గట్టిగా అరుస్తోంది.

"శ్రావణ్! మిర్యాలగూడ జంక్షన్ల నిలబడ్డ!"

"ఎట్లుంది ఆంటీ?"

"అమ్మో, ఏం రోడ్డు! నేను అనుకున్నదానికంటే శానా పెద్దగుంది. అద్దంకి దిక్కు ఒక్కటే తీరుగ లారీలు పోతున్నయ్. జర రాస్కో, ఒక్కొక్కటి చెప్త."

శ్రావణ్ తెర వైపు చూడకుండా కాగితం ముందుకు లాక్కున్నాడు.